గడ్డిమిషను నావ

మొగపాలెం మగాళ్ళు సముద్రానికి భయపడరు. ఆ మాట వాళ్ళే చెప్పుకుంటారు, కాదనడానికీ లేదు. ఈదురుగాలిలో తెప్ప మీద నిలబడి వల విసిరే మొనగాళ్ళు. అలాంటి వాళ్ళు తెల్లారగట్ల నావ దింపేటప్పుడు ఒడ్డు మీద మొగుడు పోయిన ఆడది కనబడిందంటే చాలు, వల భుజాన వేసుకుని ఇంటికి తిరుగుముఖం పడతారు. దాన్ని భయం అంటే ఒప్పుకోరు. ఆచారం అనాలి.

భోగాపురం దాటి తూర్పుకి, సరుగుడు తోటల్లోంచి ఇసుక తొక్కుకుంటూ పోతే వస్తుంది ఆ పాలెం. పక్కనే ఒక గెడ్డ, అంటే చిన్న ఏరు, సముద్రంలో పడుతుంది. పడే చోటుని మొగ అంటారు. బయటికి పోయేటప్పుడు గెడ్డ నీరే నావని తోసేస్తుంది గనక బాధ లేదు. తిరిగొచ్చేటప్పుడే యముడు కనిపిస్తాడు. ఎదురొచ్చే గెడ్డ నీరూ వెనకనుంచి తరిమే కెరటమూ అక్కడ కొట్టుకుంటాయి. పొద్దుటినుంచీ వల లాగి రెక్కలు పడిపోయిన వాళ్ళు అప్పుడు ప్రాణం పెట్టి తెడ్లు వెయ్యాలి. ఒక్క తెడ్డు తప్పిందా, నావ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన నావని ఆ కెరటం బతకనివ్వదు.

ఆ పాలెం కుర్రాడు ఎల్లాజీ ఉన్నాడే, వాడి బావ సూరయ్య అక్కడే పోయాడు. ఒడ్డున గంప పట్టుకుని నిలబడ్డ పెళ్ళాం, ఎల్లాజీ అక్క గురమ్మ, చూస్తుండగానే పోయాడు. నావ నిండా చేపలున్నాయని దూరాన్నించే చెయ్యి ఊపాడట. గురమ్మ కూడా చెయ్యి ఊపింది. మొగుణ్ణి ఆమె చూసిన చివరి చూపు అదే.

అప్పటినుంచీ గురమ్మకి ఒడ్డు లేకుండా పోయింది. నావలు దిగే వేళకి ఇంట్లో ఉండాలి. చేపల గంపెత్తుకుని ఊళ్ళ మీదకి పోవాలంటే ఒడ్డు వెంట కాకుండా వెనకనున్న మొగలిడొంక చుట్టి పోవాలి. మొగలిరేకు అంచు రంపంలా ఉంటుంది. పొద్దు పొడవకముందు ఆ డొంకలో పడి నడిస్తే కాళ్ళూ చేతులూ గీరుకుపోతాయి. ఊరకుక్కలు మాత్రం ఒడ్డున హాయిగా పొర్లుతుండేవి. వాటి ఎదురు ఎవరికీ అడ్డు కాదు.

ఎల్లాజీ అప్పటికి రాజాంలో ఉండేవాడు. చిన్నప్పుడే వల మీద మనసు లేక వెళ్ళిపోయి, బియ్యం మిల్లుల ఆయిలింజన్లు బాగుచేసే షాపులో చేరి, పని నేర్చి, మేస్త్రీ అనిపించుకున్నాడు. బావ పోయిన మరుసటేడు ఇంటికొచ్చి, డొంకలోంచి నెత్తురు కాళ్ళతో వస్తున్న అక్కని చూశాడు. ఒళ్ళు మండిపోయింది వాడికి.

"ఏటే అప్పా ఇది? ఒడ్డెంట నడిస్తే ఎవుడు కాదంటాడు?"

"ఎవుడూ కాదనడురా తమ్ముడా. నావలు దింపరు, అంతే. ఆల్ల పిల్లలు పస్తుంటే ఆ ఉసురు నాకెందుకు?" అంది గురమ్మ.

నోటితో ఈ ఆచారాన్ని గెలవలేనని ఎల్లాజీకి తెలుసు. వాడికి తెలిసిన విద్య ఒక్కటే, ఇంజను. వాడి లెక్క తిన్నగానే ఉంది. మొగలో నావ ఓడిపోయేది మనిషి రెక్కబలం చాలక. ఆ బలం ఇంజను ఇచ్చిందనుకో, నావ అడ్డం తిరగదు. నావలన్నీ క్షేమంగా వస్తూ పోతూ ఉంటే, పొద్దున్న ఎవరు ఎదురొచ్చారో ఎవరికి గుర్తుంటుంది? అప్పుడు అప్ప ఒడ్డు మీద నడుస్తుంది. వాడికి కావలసింది అంతే. సముద్రంలో వింత చెయ్యాలనీ, పేరు తెచ్చుకోవాలనీ వాడికి లేదు.

అయితే నావకి కట్టే ఇంజన్లు ఆ రోజుల్లో విశాఖపట్నం రేవులో కళ్ళతో చూడాల్సిందే గాని చేతికి అందేవి కావు. ఆయిలింజను కడితే దాని బరువుకి నావ బుంగ మునిగినట్టు మునుగుతుంది. ఎల్లాజీ చూపు పోయిపోయి గడ్డికోసే మిషను మీద పడింది.

ఆ మిషను ఒక గోనెల మిల్లు మేనేజరు దొరది. మన ఊళ్ళల్లో గడ్డిని పశువులు మేస్తాయి. దొర బంగళాలో గడ్డికి క్షవరం చేసేవారు. దానికొక పెట్రోలింజను, ఇంజనుకో గొలుసు, గొలుసుతో తిరిగే కత్తులు. అది మొరాయించినప్పుడల్లా రాజాంలో ఉన్న ఎల్లాజీకి కబురొచ్చేది. దొర తన దేశం వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన మేనేజరు మనవాడు, పొదుపరి. ఆ గడ్డిలోకి పాడి ఆవుని తోలించి మిషనుని కొట్టాంలో పడేశాడు. ఎల్లాజీ వెళ్ళి పాత ఇనుము కింద అడిగి తెచ్చుకున్నాడు.

దాన్ని బండి మీద పాలెంలోకి తెస్తుంటే పిల్లా పెద్దా వెంటపడ్డారు. కులపెద్ద గంగులు కొడుకు చినబాబు అందరికన్నా ముందున్నాడు. వాడికి నోరూ ఎక్కువే, నవ్వూ ఎక్కువే.

"ఏటి బావా, సముద్రంలో గడ్డి మొలిసిందేటి? కోసీడానికి మిషను తెచ్చినావు!" అన్నాడు. పాలెం పాలెమంతా ఆ మాట పట్టుకుని వారం రోజులు నవ్వుకుంది.

ఎల్లాజీ షాపు పని మానుకుని వచ్చి కూర్చున్నాడు. కత్తులు, రోలరు, చక్రాలు ఊడదీశాడు. ఇంజనూ, దాని నెత్తిన గుమ్మడికాయంత పెట్రోలు టాంకీ, తాడు చుట్టి లాగే చక్రం, ఇవే మిగిలాయి. వాటిని మద్దిపలక మీద బిగించి పలకని నావ వెనక కొయ్యకి బందులేసి కట్టాడు. ఒక పొడుగాటి నీళ్ళగొట్టం లోపల ఇనుప కడ్డీ దూర్చి, ఒక కొస ఇంజను గొలుసుకి తగిలించి, రెండో కొసకి పంకా పెట్టాలనుకున్నాడు. పంకాదే పెద్ద గొడవైంది. డ్రమ్ము రేకు కత్తిరించి పెడితే నీళ్ళలో మల్లెరేకులా ముడుచుకుపోయింది. చివరికి మూడు రేకుల పంకా కర్రతో చెక్కుకుని, బుడితి వెళ్ళి, అక్కడి కంచరి చేత ఇత్తడితో పోత పోయించాడు. చెంబులూ గంటలూ పోసే ఆ కంచరి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏ దేవుడికి బాబూ ఈ పువ్వు?" అని అడిగాడట.

గెడ్డలో మొదటిసారి ఇంజను లాగిన రోజున గట్టంతా జనం. ఇంజను అందుకుంది. పంకా తిరిగింది. నావ వెనక్కి నడిచింది.

నవ్వలేక చచ్చారు జనం. ఎల్లాజీ చెమటలు కక్కుతూ పంకా ఊడదీసి, తిరగేసి బిగించాడు. మళ్ళీ వెనక్కే పోయింది. పంకా తిరగేసినంత మాత్రాన దాని రేకుల వాలు మారదని అప్పటికి గాని వాడికి తట్టలేదు. కుడికాలి చెప్పుని తలకిందులుగా తొడిగితే ఎడమకాలిది అవుతుందా? కర్ర మళ్ళీ మొదటినుంచీ ఎదురు వాలుగా చెక్కాలి, పాతది కరిగించినా తరుగు పోగా ఇంకా ఇత్తడి కావాలి.

ఇత్తడి కోసం ఇల్లంతా వెతికి దిగాలుగా కూర్చున్న తమ్ముడి ముందు గురమ్మ తన ఇత్తడిబిందె తెచ్చి పెట్టింది. పెళ్ళిలో వచ్చిన బిందె.

"నీల్లు కుండతోటి తెచ్చుకుంటాన్లే. పట్టుకెల్లు," అంది. ఎల్లాజీ వద్దనలేదు. వద్దనే స్థితిలో లేడు.

నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ రెండో పంకాతో నావ గెడ్డలో ఎదురు నీటిని చీల్చుకుని పోయింది. పొద్దున పోయి, సాయంత్రం పోయి, రోజూ తిప్పి చూశాడు ఎల్లాజీ. ఎక్కడా ఆగలేదు. వెక్కిరించిన చినబాబే ఇప్పుడు ఇంజను పక్కనుంచి కదలడం మానేశాడు. తాడు లాగేది తనే, నావ తిప్పేది తనే, పాలెంలో గొప్పలు చెప్పేదీ తనే. గంగులు కూడా మీసం కింద నవ్వుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చునేవాడు.

"మంచిరోజు సూసి మొగ దాటించి తెద్దారి," అన్నాడు ఒకరోజు. "అమ్మోరికి పూజ సేసి, కొబ్బరికాయ కొట్టి."

ఎల్లాజీ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. "ఒక్కటే కోరిక మావా. ఆ రోజు మా అప్ప ఒడ్డు మీద నిలబడాల."

గంగులు ముఖం మాడ్చుకున్నాడు. కాదనేవాడే. పక్కనే వల బాగుచేస్తున్న పెళ్ళాం జగ్గమ్మ అడ్డొచ్చింది. పాలెంలో ఏ శుభం జరిగినా మొదటి బొట్టు జగ్గమ్మ చేతిది. పురుడొస్తే ఆమె, పెళ్ళయితే ఆమె, కొత్త నావ దిగినా ఆమే. చెయ్యి చల్లనిదని పేరు. నిజంగానే చల్లని మనిషి.

"నిలబడనీవయ్యా. ఆడకూతురు ఎన్నాల్లని ఆ డొంకలో దాక్కుంటాది?" అంది. ఆ ఒక్క మాటకి ఎల్లాజీ ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఎల్లాజీ జాగ్రత్తలన్నీ పడ్డాడు. కొబ్బరినీళ్ళు ఇంజను మీద పోస్తారేమోనని కాయ నావ ముందు కొయ్య మీదే కొట్టించాడు. ఇంజను గాలి పీల్చుకునే చోట తుంపర పోకుండా పల్చటి గుడ్డ కట్టాడు. జగ్గమ్మ పసుపూ కుంకుమా ఆముదంతో చిక్కగా కలిపి తెచ్చింది. ఉప్పునీటి తుంపరకి బొట్టు చెరగకూడదని ఆమె ముందుచూపు.

"దీనికి మొకం ఎక్కడున్నాదిరా?" అంది ఇంజను చుట్టూ తిరిగి. అందరూ నవ్వారు. టాంకీ మీది మూత గుండ్రంగా తళతళలాడుతోంది. "ఇదే మొకం" అనుకుని దాని నడినెత్తిన పసుపు మెత్తి, బొటనవేలితో గట్టిగా అదిమి రూపాయంత బొట్టు పెట్టింది. ఎల్లాజీ కూడా చేతులు జోడించాడు. ఇంజనుకి నిజంగానే ముఖం వచ్చినట్టు కనిపించింది వాడికి.

గురమ్మ ఎక్కడో ఆరేసిన వలల వెనక నిలబడింది. "దగ్గరికి రా అప్పా, సూడు!" అని కేకేసి పిలిచింది ఎల్లాజీయే. ఆమె తడబడుతూ వచ్చింది. మొగుడు పోయాక తడి ఇసుక మీద అడుగు పెట్టడం ఆమెకి అదే మొదలు.

నావలో ఎక్కింది ఇద్దరే, ఎల్లాజీ, చినబాబు. చినబాబు ఎక్కుతూనే తెడ్లు రెండూ తీసి ఒడ్డు మీదకి గిరాటేశాడు. "ఇంజనుండగా ఈ పుల్లలెందుకు బావా!" అన్నాడు. జనం ఈలలు వేశారు. తెడ్డు లేకుండా మొగలోకి పోకూడదని తెలియనివాడు ఆ పాలెంలో పుట్టడు. ఎల్లాజీకీ తెలుసు. కాని అప్పటికి వాడి గుండె కూడా పొంగి ఉంది. ఊరుకున్నాడు.

నావ గెడ్డలోంచి జోరుగా పోయింది. మొగలో మొదటి కెరటం ఎక్కి దిగింది. రెండోది ఎక్కుతుండగా ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. ఎల్లాజీ తాడు చుట్టి లాగాడు. రెండు ఊపిరులు తీసి మళ్ళీ ఆగింది. మళ్ళీ లాగాడు. నావ ముక్కు మెల్లగా పక్కకి తిరగడం ఒడ్డున ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపించింది. చినబాబు తెడ్డు కోసం వంగి తడుముకున్నాడు. అక్కడ తెడ్డు లేదు.

కెరటం నావని తిరగేసింది. ఎల్లాజీ బయటికి విసిరేసినట్టు పడి, ఈది, నావ అడుగుని పట్టుకున్నాడు. చినబాబు నావ కిందే ఉండిపోయాడు. తీసుకొచ్చి ఒడ్డున పడుకోబెట్టేసరికి ప్రాణం లేదు.

జగ్గమ్మ కొడుకు మీద పడి గోలుగోలున ఏడుస్తోంది. ఆ ఏడుపు మధ్యనే ఎవరో అన్నారు, "ఎదురొచ్చింది కాదేటి." అన్నది ఎవరో ఎవరూ చూడలేదు. లోకులు కాకులని ఊరికే అనలేదు. ఒకటి అరిస్తే చాలు. అందరి కళ్ళూ గురమ్మ మీదకి తిరిగాయి. ఆమె ఇంకా తడి ఇసుక మీదే ఉంది. రమ్మని పిలిచిన తమ్ముడు ఉప్పునీళ్ళు కక్కుకుంటూ బోర్లా పడి ఉన్నాడు.

కర్మలు అయ్యాక పంచాయితీ పెట్టి గురమ్మని పాలెంలోంచి పంపెయ్యాలని పెద్దలు అనుకున్నారు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నావకి కట్టే ఉన్న ఇంజనుని ఎల్లాజీ ఇంటి పెరట్లోకి తెచ్చుకుని, విప్పి, ఇసుకంతా కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగించాడు. అంతబాగా నడిచిన ఇంజను ఎందుకు ఆగిందో తెలియకపోతే వాడికి పిచ్చెక్కేలా ఉంది.

పెట్రోలు పోసి లాగాడు. నడిచింది. కాసేపటికి అదే దగ్గు, అదే ఆగడం. మూత తీశాడు. టాంకీలోకి గాలి బుస్సుమని దూరింది. మూత పెట్టి లాగితే మళ్ళీ నడిచింది, మళ్ళీ ఆగింది. అప్పుడు మూతని వెలుతురులో పెట్టి చూశాడు. దాని నడినెత్తిన ఆవగింజంత బెజ్జం ఒకటి ఉంటుంది. పెట్రోలు దిగుతున్న కొద్దీ పైనించి గాలి పోవడానికి. పైన బొట్టు ఉప్పునీటికి కొట్టుకుపోయింది గాని బెజ్జంలో పసుపు రాయిలా బిగిసి ఉంది.

రాజాంలో ఇంజన్లకి బొట్టు పెట్టరా అంటే, నిక్షేపంలా పెడతారు. అవి పెద్ద ఇంజన్లు, బొట్టు పడేది పెద్దచక్రం మీద. మూత మీద పెట్టిన బొట్టుని ఎల్లాజీ బతుకులో చూడలేదు. పిన్నీసుతో బెజ్జం పొడిచి మళ్ళీ లాగాడు. టాంకీలో చుక్క లేకుండా అయ్యేదాకా నడుస్తూనే ఉంది. దాన్ని అలా వదిలేసి వాడు గోడకి చేరబడి ఏడ్చాడు. అప్ప తప్పు లేదని తెలిసింది. ఎవరి చెయ్యో కూడా తెలిసింది.

ఈ మాట బయటపెడితే అప్ప నిలబడుతుంది, జగ్గమ్మ కూలిపోతుంది. పెట్టకపోతే అప్ప పోతుంది. పెట్టడానికే నిశ్చయించుకున్నాడు. కాని పదిమందిలో పెట్టేముందు ఆమెకే చెప్పడం ధర్మం అనుకున్నాడు. కొరివితో తల గోక్కోవడం అంటే అదే.

జగ్గమ్మ ఇంటి అరుగు మీద గోడకి తల ఆన్చి కూర్చుంది. ఎల్లాజీ మూత చూపించాడు, బెజ్జం చూపించాడు. ఆమె చూపు దాని మీద లేదు. ఇలా లాభం లేదని వెంట తెచ్చిన కొబ్బరిబొండం తీసి పైన రెండు కన్నాలు పొడిచి వంచాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. ఒక కన్నం మీద వేలు పెట్టాడు. ధార ఆగిపోయింది. వేలు తీశాడు. పడింది.

"అత్తా, ఆ బొట్టు ఈ ఏలు నాగ అడ్డం పడ్డాది. నువ్వు తెలిసి సేసినావా? నీ తప్పేటి నేదు. మా అప్ప తప్పూ నేదు."

జగ్గమ్మ ఆ బొండాన్ని చూసింది. "మల్లీ పెట్టు ఏలు," అంది. పెట్టాడు. "తియ్యి," అంది. తీశాడు. బొండంలో నీళ్ళు అయిపోయేదాకా అలాగే అడిగి చూసింది. ఆమెకి అర్థమైందని ఎల్లాజీకి అర్థమైంది.

"ఎవులికి సెప్పినావు?"

"ఎవులికీ నేదు. రేపు పంచాయితీలో నువ్వు సెప్పాల అత్తా. నాను సెప్తే అప్ప కోసం అబద్దం ఆడతన్నానంటారు."

"నాను సెప్పాల," అంది జగ్గమ్మ. ఆ మాటని మాట ఇవ్వడం అనుకున్నాడు ఎల్లాజీ. ఆ రాత్రి తృప్తిగా నిద్రపోయాడు కూడా, వెర్రిబాగులవాడు.

పంచాయితీ అమ్మవారి గుడి ముందు కూర్చుంది. గురమ్మ దూరంగా, కొంగు కప్పుకుని నిలబడింది. జగ్గమ్మ చాపమీంచి లేవకపోయేసరికి ఎల్లాజీ ఆగలేక తనే లేచాడు. మూత చేత్తో ఎత్తి పట్టుకుని అంతా చెప్పాడు. బొట్టు అనే మాట వచ్చేసరికి గుసగుసలు లేచాయి.

"ఒరే, ముత్తయిదువ పెట్టిన బొట్టు మనిసిని సంపుతాదేటిరా?" అన్నాడొక ముసలాయన. "మొగుడు సచ్చిందాని ఎదురు తప్పు కాదు గాని, పసుపు కుంకం తప్పా?"

గంగులు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. కొడుకు పోయిన మనిషి, అయినా పెద్దరికం వదల్లేదు. పెళ్ళాం వైపు తిరిగి అడిగాడు. "సెప్పు. మూత మీద పెట్టినావా బొట్టు?"

జగ్గమ్మ తలెత్తింది. ఎల్లాజీ వైపు చూడలేదు.

"మూత మీద నాను పెట్టనేదు. సక్రం మీద పెట్టినాను," అంది.

ఆ రోజు ఒడ్డున పాలెమంతా ఉంది. ముఖం ఎక్కడ అని ఆమె అడిగితే నవ్విన వాళ్ళంతా ఇక్కడే కూర్చుని ఉన్నారు. ఎల్లాజీ ఒక్కొక్క ముఖమూ చూశాడు. "అవును, సక్రం మీదే," అంది ముందు వరసలో ఒక ఆడమనిషి. "నానూ సూసినాను, సక్రం మీదే," అన్నాడు ఇంకొకడు. తర్వాత అందరికీ చక్రమే గుర్తొచ్చింది. కొడుకుని పోగొట్టుకున్న తల్లి నోటి ముందు నిజానికి విలువ ఎక్కడిది? వాళ్ళు జాలిపడ్డారు. జాలిపడి ఒక మనిషి గొంతు కోశారు. అలాంటి జాలికి పురుగులు పడ.

ఎల్లాజీ ఇంకా అరవబోతుంటే గురమ్మ వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"ఊరుకోరా తమ్ముడా. సూసినోల్లే సూడనేదంటే నువ్వొక్కడివీ ఏటి సేస్తావు?" అంది.

మర్నాడు ఆమె గంప నెత్తిన పెట్టుకుని పాలెం దాటిపోయింది. ఒడ్డు వెంట నడవలేదు, మొగలిడొంకలోంచే పోయింది. కొత్తవలసలో కొండల మీదకి కొత్తగా పడ్డ రైలుమార్గం కూలీలకి ఎండుచేపలు అమ్ముకుంటూ, స్టేషను పక్క గుడిసెల్లో ఉండిపోయింది. ఎల్లాజీ వెళ్ళి చూసొచ్చేవాడు. తిరిగి తీసుకొస్తానని వెళ్ళినప్పుడల్లా చెప్పేవాడు. గురమ్మ అలాగేలే అనేది.

మరుసటేడు చేపల కాలానికి ముందు గంగులు వాడికి కబురెట్టాడు.

"ఆ సెని పోనాది గదరా. ఇంక ఇంజను కట్టు. పాలెం బతకాల," అన్నాడు.

ఎల్లాజీకి నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఎవరి కోసం ఆ ఇంజను కట్టాడో ఆ మనిషిని వెళ్ళగొట్టి ఇంజను మాత్రం కావాలంటున్నారు. ఎత్తుకెళ్ళి మొగలో పారేద్దామనుకున్నాడు. మళ్ళీ ఆలోచించాడు. మూత శుభ్రంగా ఉంచి, అందరి కళ్ళముందూ మొగ దాటించి తెస్తే? ఇంజను ఆగకుండా వస్తే, ఆనాడు తను చెప్పింది నిజమని తేలిపోదూ? అప్పుడు అప్పని ఎవరు రావద్దంటారు? ఆ ఆశతోనే ఒప్పుకున్నాడు.

నావ దింపే రోజున గట్టిగా కేకేసి చెప్పాడు. "మూత జోలికి ఎవులూ రాకండి! ఇనండి, సెప్తన్నాను!" జగ్గమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఇంజను దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఎవరూ ఏమీ అడగకుండానే వంగి, పక్కనున్న చక్రం మీద చిన్న బొట్టు పెట్టి వెనక్కి తగ్గింది. చూశారు అందరూ.

ఈసారి తెడ్లు వదల్లేదు. అక్కర పడలేదు కూడా. ఇంజను గెడ్డ దాటింది, మొగ దాటింది, కెరటాల అవతల పెద్ద చుట్టు తిరిగి, ఎదురు నీటిని కోసుకుంటూ మళ్ళీ మొగలోంచే లోపలికి వచ్చింది. ఎక్కడా దగ్గలేదు. ఒడ్డు మీద జనం గంతులేశారు. నావ ఇసుక తాకకముందే ఎల్లాజీ నీళ్ళలోకి దూకి, మూత ఊడబీకి చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"సూసినారా! మూత సుబ్బరంగా ఉంటే ఇంజను ఆగదు. నాను సెప్పినాను కాదా! సూసినారా మావా!"

గంగులు కళ్ళ నిండా నీళ్ళు. కొడుకు గుర్తొచ్చాడేమో. ఎల్లాజీ భుజం మీద చెయ్యేసి దగ్గరికి తీసుకున్నాడు.

"సూసినాన్రా. అదే నావ, అదే మొగ, అదే ఇంజను. మీ అప్ప నేకపోతే ఆగనేదు. మరింకేటి కావాల?"

జనం తలలూపారు. ఎల్లాజీ జగ్గమ్మ వైపు తిరిగాడు. ఆ ఒడ్డున నిజం తెలిసిన మనిషి ఇంకొకరుంటే ఆమె ఒక్కర్తే. జగ్గమ్మ కూడా వాణ్ణే చూస్తోంది.

"అవును," అంది మొగుడితో. "అది నేకపోబట్టే."